ఎన్నికల గొడవలో ఒక ఇంటిని అపార్ట్‌మెంట్ మొత్తం పక్కన పెట్టేసింది. మళ్ళీ మాట కలపడం ఎలా?

పటమట ట్రెజరర్:
మాది బెజవాడ పటమటలో 36 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. 2024 ఎన్నికలప్పటి నుంచి వాట్సాప్ గ్రూపులో రోజూ రగడే. ఒకాయన ఎదుటి పార్టీ వాళ్ళను కులం పేరెత్తి దెప్పుతున్నాడని కమిటీ గ్రూపులోంచి తీసేసింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఇప్పుడు వాళ్ళావిణ్ణి పేరంటాలకు పిలవట్లేదు. లిఫ్టులో ఎదురైతే మొహం తిప్పుకుంటున్నారు. వాళ్ళబ్బాయితో సెల్లార్‌లో పిల్లల్ని ఆడుకోనివ్వట్లేదు. వినాయక చవితి చందా కూడా వాళ్ళ దగ్గర తీసుకోవద్దంటున్నారు. ఆయన రాతలు నాకూ మింగుడుపడవు. కానీ ఇది ఎక్కడ ఆగాలి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి సరిచేయాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

బ్రాడీపేట 4/14:
రాత ఆపడం ఒక పని, మనిషిని వెలేయడం ఇంకో పని. మీ కమిటీ మొదటిదాని పేరు చెప్పి రెండోది చేస్తోంది. భార్యకీ పిల్లాడికీ శిక్ష వేసే అధికారం ఏ కమిటీకీ లేదు. దాన్ని ఇవాళే ఆపించండి, మిగతావి తర్వాత.

అన్నిటికీ ఒకే గ్రూపు ఉండటం వల్లే సగం తంటా. నీళ్ళ ట్యాంకరు, లిఫ్టు రిపేరు, మెయింటెనెన్స్ లెక్క అన్నీ అందులోనే వస్తాయి కాబట్టి, తీసేసిన ఇంటికి ట్యాంకు కడిగే రోజు కూడా తెలియదు. నోటీసులకు వేరే గ్రూపు పెట్టి, సెట్టింగుల్లో మెసేజ్ పంపే వీలు అడ్మిన్లకే ఉంచండి. 36 ఇళ్ళూ అందులో ఉండాలి, ఎవర్నీ ఎప్పటికీ తీయకూడదు.

కబుర్ల గ్రూపుకు మూడు నియమాలు చాలు: కులం, మతం పేరుతో తిట్టకూడదు, ఇళ్ళల్లో ఆడవాళ్ళ ఊసెత్తకూడదు, ఏ పార్టీ ఫార్వర్డూ పెట్టకూడదు. తప్పితే మొదటిసారి ఫోన్ చేసి చెప్పండి. రెండోసారి 7 రోజులు బయట. ఎనిమిదో రోజు ఆయన అడక్కుండానే మళ్ళీ చేర్చాలి, ఇది మర్చిపోవద్దు. గడువు లేని శిక్షే చివరికి వెలిగా మారుతుంది.

ఎక్కువ చోట్ల ఈ పద్ధతి దెబ్బతినేది అమలు దగ్గర. ఒక పార్టీ వాళ్ళ మీదే నియమం పనిచేస్తే జనం దాన్ని కక్ష అనే అనుకుంటారు, అలా అనుకోవడం న్యాయమే. ఇద్దరు అడ్మిన్లను పెట్టి, ఒకరు ఆయన పార్టీ అభిమానే అయ్యేలా చూడండి.

సూర్యారావుపేట లైబ్రరీ:
వెలి మనిషిని ఏం చేస్తుందో కొలిచి చూసినవాళ్ళున్నారు. కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వవేత్త కంప్యూటర్‌లో ఒక బంతాట తయారుచేశాడు. ఇంకో ఇద్దరు మనతో ఆడుతున్నారని చెప్తారు, నిజానికి వాళ్ళు ప్రోగ్రామ్ మాత్రమే. కాసేపటికి బంతి మనవైపు రావడం ఆగిపోతుంది. ముక్కూమొహం తెలియని వాళ్ళతో కొద్ది నిమిషాల ఆట. అంతమాత్రానికే నలుగురిలో ఒకణ్ణన్న భావన, ఆత్మగౌరవం, పరిస్థితి తన చేతిలో ఉందన్న నమ్మకం, తానంటూ ఒకణ్ణి ఉన్నానన్న ధీమా, నాలుగూ పడిపోయాయి. పక్కన పెట్టింది అమెరికాలో నల్లవాళ్ళను ద్వేషించే కూ క్లక్స్ క్లాన్ మనుషులని చెప్పినా బాధ తగ్గలేదని 2007లో ఇంకో ప్రయోగం తేల్చింది. కాబట్టి 'మనమంటే ఆయనకెటూ పడదు, ఏం బాధపడతాడులే' అన్న మాట నిలవదు.

తర్వాత జరిగేది కమిటీ ఇంకా శ్రద్ధగా వినాలి. పోయిన చోటు తిరిగి సంపాదించుకోవాలని కొందరు మెత్తబడతారు. దారి మూసేశారనుకున్నవాళ్ళు మొండికేస్తారు, లేదా రమ్మన్న గుంపు ఎంత మోటుదైనా అందులో చేరిపోతారు. ఏళ్ళ తరబడి సాగితే కుంగిపోతారు. ఆయన ఫోన్‌లో ఇప్పుడు మిగిలిన గ్రూపులు ఎలాంటివై ఉంటాయో ఆలోచించండి. ఆయన్ను ఖండించే ఒక్క పక్కింటి గొంతు కూడా వాటిలో ఉండదు.

బందరు రోడ్డు:
వెళ్ళి మాట్లాడే పద్ధతి గురించి. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే అమెరికా పరిశోధకులు 2016లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. మయామీలో ఇంటింటికీ వెళ్ళి సుమారు 10 నిమిషాలు మాట్లాడితే ట్రాన్స్‌జెండర్ల మీద చిన్నచూపు తగ్గింది, 3 నెలల తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. తప్పుపట్టకుండా విని, ఒకరి అనుభవాలు ఒకరు చెప్పుకోవడమే అందులో కీలకం. 2020లో వాళ్ళే ఆ భాగం తీసేసి వాదన మాత్రం ఉంచి చూస్తే ఫలితం రాలేదు. మార్పు చిన్నదే, అందరిలోనూ రాదు. అయినా వాదనకు రాని ఫలితం దీనికి వచ్చింది.

ఒక్కరే వెళ్ళండి. ముగ్గురు కమిటీవాళ్ళు గుమ్మంలో నిలబడితే అది పంచాయితీ. టీవీలో చర్చలు నడిచే సాయంత్రం వద్దు, ఆదివారం టిఫిన్లయ్యాక మేలు. 'ఎందుకండీ ఆ పార్టీ?' అంటే వాదన మొదలవుతుంది. 'ఎప్పటి నుంచండీ ఈ అభిమానం? అప్పుడేం జరిగింది?' అని అడిగితే మనిషి తన సంగతి చెప్తాడు. మన దగ్గర చాలా ఇళ్ళల్లో పార్టీ వెనక ఒక మేలో నష్టమో ఉంటుంది: రాజధాని పూలింగ్‌లో ఇచ్చిన పొలం, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాటతో చెదిరిన లెక్కలు, కూతురికొచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంటు, అమ్మ పింఛను, 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన చుట్టాల ఇల్లు. అది బయటికొచ్చాక మధ్యలో దూరకండి. ఆపైన మీ ఇంటి సంగతి చెప్పండి. అప్పుడు ఒకే ఒక్కటి అడగండి: 'పార్టీని ఏమన్నా అనండి, కులం ఎత్తకండి. ఆ మాటకు ఫలానా ఇంట్లో చాలా నొచ్చుకున్నారు.' క్షమాపణ కోసం ఆరోజే పట్టుబడితే సంపాదించినదంతా పోతుంది.

చెడగొట్టేవి: ఫోన్ తీసి వార్త చూపించడం, 'మీవాళ్ళు' అనడం, ఇంటికొచ్చిన అల్లుడి ముందు ఈ సంగతి ఎత్తడం. అన్నిటికన్నా చేటు, ఆయన చెప్పింది మళ్ళీ గ్రూపులో పెట్టడం. ఇంకోసారి తలుపు తీయడు.

తెనాలి వైపు:
అన్నీ బాగానే చెప్పారు గానీ, ఆయన ఏ కులాన్ని దెప్పాడో ఆ ఇంటివాళ్ళను మాత్రం 'మీరే వెళ్ళి మాట్లాడండి' అని పంపొద్దండీ. దెబ్బ తిన్నవాళ్ళ మీదే ఓర్పు భారం కూడా పెట్టడం అన్యాయం. వాళ్ళు దూరంగా ఉంటామంటే ఉండనివ్వాలి. ఒక ఇల్లు తన బాధతో దూరంగా ఉండటానికీ, 35 ఇళ్ళు కూడబలుక్కుని ఒక ఇంటిని కట్టడి చేయడానికీ పోలికే లేదు.

బలం ఎటుందో చూడాలి. చుండూరులో 1991లో సినిమా హాల్లో మొదలైన తగాదా దళితుల సాంఘిక బహిష్కరణ దాకా పోయింది. ఆగస్టు 6న 8 మంది దళితులను చంపేశారు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాన్ని సాంఘికంగా గానీ ఆర్థికంగా గానీ బహిష్కరించడం, బహిష్కరిస్తామని బెదిరించడం 2015 సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమైంది. మీరు పక్కన పెట్టిన ఇల్లు ఆ వర్గాలదైతే మీ చందా మాట కేసు దాకా పోవచ్చు. ఆయన తిట్టింది ఆ వర్గాలనైతే ఆయన మీదా కేసు రావచ్చు. ఫిర్యాదు చేయాల్సి వస్తే చేయండి, దానికీ వెలికీ సంబంధం లేదు.

ఒక్క మాట కమిటీ తరఫున. వాళ్ళు ఇదంతా తిట్లు తిన్న ఇంటి మీద జాలితోనే మొదలుపెట్టి ఉంటారు. ఎదుటివాళ్ళ బాధకు త్వరగా కరిగే గుణం ఉన్నవాళ్ళలోనే అవతలి పార్టీ మీద విముఖత ఎక్కువని 2020లో అమెరికాలో ఎలిజబెత్ సైమస్ బృందం చూపించింది. జాలి ముందుగా మనవాళ్ళ వైపే పోతుంది.

పటమట ట్రెజరర్:
చాలా థాంక్సండీ. నోటీసుల గ్రూపు ఇప్పుడే పెట్టాను. మరి చవితి పందిట్లో అందరూ ఒకచోట చేరితే గొడవ కాకుండా ఎలా?

బ్రాడీపేట 4/14:
చందా అన్ని ఇళ్ళకీ ఒకే మొత్తం, ఒకే రసీదు పుస్తకం, ఫ్లాట్ నంబర్ల వరసలో. ఏ నాయకుణ్ణీ ముఖ్య అతిథిగా పిలవొద్దు. ఫ్లెక్సీ మీద వినాయకుడి బొమ్మ తప్ప ఇంకొకరిది వద్దు.

పనులు చీటీలేసి పంచండి. నాలుగేసి ఇళ్ళు, 9 జట్లు: పందిరి, పత్రి, ప్రసాదం, వడ్డన, నిమజ్జనం బండి, ఇలా. విరోధమున్న గుంపులు కలవాలంటే సమాన హోదా, ఒకే లక్ష్యం, కలిసి చేసే పని, పెద్దల మద్దతు కావాలని గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త 1954లోనే రాశాడు. కుర్చీలు పక్కపక్కన వేసినంత మాత్రాన ఇవేవీ రావు, చేతిలో గరిటె ఉండాలి. పల్నాట్లో అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు, పార్టీలే లేని ప్రజాస్వామ్యం కోరిన బెజవాడ నాస్తికవాది గోరా పెట్టించిన సహపంక్తి భోజనాలు, రెండూ తిండి దగ్గరే మొదలయ్యాయి. ఆయన జట్టుకు వడ్డన పడితే మంచిదే.

తిట్లు తిన్న ఇల్లు ఆయన జట్టులోనే పడితే, ముందు వాళ్ళను అడిగి చీటీ మార్చండి. లడ్డూ వేలం మాత్రం ఈ ఏడు వద్దు. పాట పెరిగేకొద్దీ అది రెండు పార్టీల పంతమవుతుంది. లడ్డూ 36 ముక్కలు చేసి ఇంటింటికీ పంపండి.