కాలేజీ క్లబ్బు ఐస్ హాకీలో చేరాలంటే: ఫీజు, ప్రయాణాలు, దెబ్బలు, చదువు గురించి సందేహాలు

ప్రశ్న: ప్లానో అమ్మ

అందరికీ నమస్కారం. మాది డాలస్ దగ్గర ప్లానో. మా అబ్బాయి ఈ ఆగస్టులో టెక్సస్‌లోనే ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్‌లో చేరుతున్నాడు. చిన్నప్పుడు స్టార్‌సెంటర్ అనే రింక్‌లో (మంచు మీద ఆడే మైదానం) స్కేటింగ్ నేర్చుకున్నాడు, అక్కడే హౌస్ లీగ్‌లో, అంటే ఆ రింక్ పిల్లలే జట్లుగా ఏర్పడి ఆడుకునే పోటీల్లో, ఇన్నేళ్లూ ఆడాడు. ఇప్పుడు కాలేజీ క్లబ్బు జట్టు ట్రైఔట్స్‌కు (ఎంపిక పోటీలకు) వెళ్తానంటున్నాడు. క్లబ్బు అంటే సాయంత్రాలు సరదాగా ఆడుకోవడమే అనుకున్నాను. తీరా వాడు చూపించిన కాగితంలో ఫీజు వాయిదాలు, వేరే ఊళ్లలో మ్యాచ్‌లు, ఏసీహెచ్ఏ అనే సంస్థలో నమోదు, ఇన్సూరెన్స్ వివరాలు, ఇంకా చాలా ఉన్నాయి. మావారికి క్రికెట్ తప్ప మరో ఆట పట్టదు. పళ్లు రాలగొట్టుకోవడానికి మనమే డబ్బు కట్టాలా అంటున్నారు. అసలు ఇది కాలేజీ జట్టేనా? స్కాలర్‌షిప్ లాంటిది ఏమైనా వస్తుందా? ఖర్చు ఎంత? ఇంజినీరింగ్ చదువుతూ ఆడగలడా? తెలిసినవారు చెప్పండి.

జవాబు: మిషిగన్ నాన్న

మా పెద్దవాడు నాలుగేళ్లూ క్లబ్బు జట్టులో ఆడాడు కాబట్టి నాకు తెలిసింది చెబుతానమ్మా.

జట్టు కాలేజీదే. చొక్కా మీద కాలేజీ పేరే ఉంటుంది. అయితే దాన్ని నడిపేది కాలేజీ క్రీడా విభాగం కాదు, విద్యార్థులే. టీవీలో కనిపించేవి ఎన్‌సీఏఏ అనే జాతీయ కాలేజీ క్రీడా సంస్థ కింద ఆడే జట్లు. వాటిలో చాలావాటికి విశ్వవిద్యాలయమే ఖర్చు పెట్టి స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. మీ రాష్ట్రంలో ఎన్‌సీఏఏ మొదటి డివిజన్ ఐస్ హాకీ జట్టు ఒక్కటీ లేదు. అందుకే అక్కడి పిల్లలకు క్లబ్బు హాకీయే పెద్ద మెట్టు. దేశంలోని క్లబ్బు జట్లలో ఎక్కువ భాగాన్ని 1991లో మొదలైన ఏసీహెచ్ఏ (అమెరికన్ కాలేజియేట్ హాకీ అసోసియేషన్) చూస్తుంది. అందులో మగవాళ్లకు మూడు డివిజన్లు, ఆడవాళ్లకు రెండు. వీటి కింద ప్రాంతాల వారీగా లీగ్‌లు ఉంటాయి. మా వైపు గ్రేట్ లేక్స్ కాలేజియేట్ హాకీ లీగ్, మీ వైపు టెక్సస్ కాలేజియేట్ హాకీ కాన్ఫరెన్స్. సెప్టెంబరు చివర్లో మొదలై ఫిబ్రవరి దాకా ఆడతారు. బాగా ఆడిన జట్లు మార్చిలో జాతీయ పోటీలకు వెళ్తాయి.

స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకోకండి. కొన్ని చిన్న ప్రైవేటు కాలేజీలు సొంతంగా ఎంతో కొంత సాయం చేస్తాయి కానీ, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఆడేవాళ్లే డబ్బు కట్టి ఆడటం మామూలు. మా జట్టు కూడా ఏదో ఒకరోజు ఎన్‌సీఏఏకి వెళ్తుందని పిల్లలు కలలు కంటారు. అలా వెళ్లినవి లేకపోలేదు. పెన్ స్టేట్ క్లబ్బు జట్టు 2012లో వెళ్లింది, దాని వెనక 8 కోట్ల 80 లక్షల డాలర్ల విరాళం ఉంది. అరిజోనా స్టేట్ 2014లో ఏసీహెచ్ఏ జాతీయ విజేత. ఆ ఏడాదే 3 కోట్ల 20 లక్షల డాలర్ల విరాళాలు రావడంతో మరుసటి ఏడాది ఎన్‌సీఏఏలో అడుగుపెట్టింది. మీవాడు ఆ మాట ఎత్తితే ఈ అంకెలు చూపించండి, చర్చ అక్కడితో ఆగిపోతుంది.

ఇక ఫీజు. ఏడాదికి వెయ్యి డాలర్లకు పైనే అనుకోండి, డివిజన్ పెరిగేకొద్దీ, ప్రయాణాలు పెరిగేకొద్దీ కొన్ని వేలకు చేరుతుంది. ఇందులో ఎక్కువ భాగం మంచుకే పోతుంది. రింక్ అద్దె గంటకు వందల డాలర్లు. పైగా మంచి వేళలన్నీ చిన్నపిల్లల జట్లకూ ఫిగర్ స్కేటింగ్ వాళ్లకూ పోగా కాలేజీ వాళ్లకు మిగిలేది రాత్రి పది తర్వాతే.

ఫీజు ఎంత అన్నదానికంటే ముందు అడగవలసినవి వేరే ఉన్నాయి. అందులో ఏమేమి కలిసి ఉన్నాయి? బయటి ఊళ్లలో హోటల్, భోజనం విడిగా కట్టాలా? మధ్యలో దెబ్బ తగిలి ఆగిపోతే మిగిలిన డబ్బు తిరిగి ఇస్తారా? సగం మంది రెండో వాయిదా ఎగ్గొడితే ఆ లోటు ఎవరు పూడుస్తారు? కోశాధికారి కూడా ఇరవై ఏళ్ల కుర్రాడే అని గుర్తుంచుకోండి. డబ్బు విశ్వవిద్యాలయం గుర్తించిన క్లబ్బు ఖాతాకు వెళ్లాలి. ఎవరి సొంత ఖాతాకూ పంపవద్దు. క్లబ్బు క్రీడలను చూసే కార్యాలయం దాదాపు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉంటుంది. అక్కడికి ఒక్క ఫోను చేస్తే ఆ జట్టు పాత బాకీల్లో ఉందో లేదో తెలిసిపోతుంది. నేను చేశాను, వాళ్లు ఏమీ అనుకోలేదు. మావాడు మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు.

జవాబు: గీతల చొక్కా

అమ్మా, నేను డాలస్ చుట్టుపక్కల రింకుల్లో రిఫరీగా చేస్తుంటాను. మీరు హౌస్ లీగ్ అన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలి. అక్కడ మీ అబ్బాయి చెకింగ్ ఉన్న ఆట ఆడాడా, లేనిదా? భుజంతో, తుంటితో ఎదుటివాణ్ని ఢీకొని పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) నుంచి విడదీయడమే చెకింగ్. హౌస్ లీగుల్లో చాలాచోట్ల దాన్ని అనుమతించరు. మగవాళ్ల కాలేజీ ఆటలో అది పూర్తిగా ఉంటుంది, ఆడవాళ్ల ఆటలో ఉండదు. స్కేటింగ్ ఎంత బాగా వచ్చినా, ఎన్నడూ ఢీ తినని పిల్లవాడు మొదటి నెలలో తడబడతాడు.

నాకు అన్నిటికంటే భయం కలిగించేది రింక్ మధ్యలో తగిలే దెబ్బ కాదు. గోడకు మూడు నాలుగు అడుగుల దూరంలో వీపు ఆటవైపు పెట్టి, తల వంచి పక్ కోసం వెతుక్కుంటూ నిలబడతారు చూడండి, అదీ ప్రమాదం. వెనక నుంచి ఎవరైనా తగిలితే ఆ కొద్ది దూరంలో చేతులు అడ్డం పెట్టుకునే వ్యవధి ఉండదు, తలే ముందు వెళ్లి గోడకు కొట్టుకుంటుంది. అందుకే గోడ దగ్గరికి వెళ్తే పూర్తిగా ఆనుకుని పక్కకు తిరిగి ఉండాలి, లేదంటే దూరంగా ఉండాలి. ఎలా ఉన్నా తల మాత్రం పైకెత్తే ఉంచాలి. వెనక నుంచి నెట్టినవాడికి మేము పెనాల్టీ ఇస్తాం, కానీ పెనాల్టీ ఇస్తే మెడ బాగుపడదు కదా. ఈ వేసవిలో చెకింగ్ నేర్పే శిబిరం ఏదైనా ఉంటే పంపించండి, డబ్బు అక్కడ పెట్టడం మేలు.

మీవారి పళ్ల భయానికి జవాబు ఉంది. హెల్మెట్‌కు ముఖం మొత్తం కప్పే తీగల జాలీ, నోట్లో మౌత్‌గార్డు రెండూ పెట్టుకుంటే పళ్లకు ముప్పు చాలా తగ్గుతుంది. సినిమాల్లో చూపించే ముష్టియుద్ధాలు కాలేజీ ఆటలో చెల్లవు, కొట్టుకుంటే ఆ మ్యాచ్ నుంచి బయటకు పంపిస్తాం.

పాత హెల్మెట్ వాడుతుంటే వెనక భాగంలో హెచ్ఈసీసీ అనే చిన్న భద్రతా ధ్రువీకరణ స్టిక్కరు ఉంటుంది చూడండి. దాని మీద గడువు తేదీ వేసి ఉంటుంది, తయారైన నాటి నుంచి ఆరున్నరేళ్లు. హైస్కూల్ మొదట్లో కొన్నది కాలేజీ పూర్తయ్యేలోపు గడువు దాటిపోతుంది. మెడకు కోత తగలకుండా కట్టే పట్టీ కూడా కొనండి. 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లో ఆడమ్ జాన్సన్ అనే ఆటగాడు స్కేటు అంచు మెడకు తగిలి చనిపోయాడు. ఆ తర్వాత, 2024 ఆగస్టు నుంచి ఈ దేశంలో హాకీని చూసే సంస్థ యూఎస్ఏ హాకీ పిల్లల విభాగాల్లో ఆ పట్టీని తప్పనిసరి చేసింది. పెద్దవాళ్లకు సలహాగానే వదిలేసింది. మీ అబ్బాయి వద్దంటాడు. మీరు పట్టుబట్టండి.

జవాబు: హ్యూస్టన్ డాక్టరు

ఇన్సూరెన్స్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఆటగాడిగా నమోదైనప్పుడు యూఎస్ఏ హాకీ ఇన్సూరెన్స్ వస్తుంది, నిజమే. కానీ అది రెండోది. ముందు మీ సొంత ఇన్సూరెన్స్ చెల్లించాలి, మిగిలినదాంట్లో కొంత అది చూస్తుంది. విద్యార్థుల ఆరోగ్య పథకాల్లో కొన్ని క్రీడల దెబ్బలను మినహాయిస్తాయి. క్లబ్బు క్రీడలు కూడా ఆ మినహాయింపులోకి వస్తాయేమో పాలసీ కాగితం తెరిచి చదవండి.

తలకు దెబ్బ తగిలితే స్పృహ తప్పితేనే ప్రమాదం అనుకుంటారు మనవాళ్లు. చాలా కంకషన్లలో (దెబ్బకు మెదడు అదిరిపోవడం) స్పృహ తప్పదు. తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చదివిన పేరాయే మళ్లీ మళ్లీ చదవవలసి రావడం, కారణం లేని చిరాకు, ఇవే గుర్తులు. అనుమానం ఉంటే ఆ రోజు మళ్లీ మంచు మీదికి వెళ్లకూడదు. డాక్టరు రాసి ఇచ్చాక మెట్టు మెట్టుగా ఆటలోకి రావాలి. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే పరిస్థితి చేయి దాటవచ్చు. సీజనుకు ముందు జ్ఞాపకశక్తి, స్పందన వేగం పరీక్షించి పెట్టుకునే ఏర్పాటు జట్టుకు ఉందా అని అడగండి. తర్వాత పోల్చి చూడటానికి పనికొస్తుంది.

ఇంకొకటి. పద్దెనిమిది దాటిన పిల్లవాడు ఆసుపత్రిలో ఉన్నా, వాడి అనుమతి లేనిదే వివరాలు తల్లిదండ్రులకు చెప్పనక్కర్లేదు. మన ఇళ్లలో ఈ సంగతి అర్ధరాత్రి ఫోను వచ్చినప్పుడే తెలుస్తుంది. కాలేజీకి పంపే ముందే వైద్య సమాచారం మీకు ఇవ్వవచ్చన్న అనుమతి పత్రం, వైద్య నిర్ణయాల కోసం పవర్ ఆఫ్ అటార్నీ రాయించి ఫోనులో పెట్టుకోండి. హాకీ ఆడకపోయినా ఇది చేయండి.

ప్లానో అమ్మ

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. మావారికి చదివి వినిపించాను. పళ్ల సంగతి వదిలేసి ఇప్పుడు మెడ సంగతి పట్టుకున్నారు. డాక్టరుగారు చెప్పిన కాగితాలు రేపే రాయిస్తాం. చదువు, ప్రయాణాల గురించి కూడా ఎవరైనా చెబుతారా?

జవాబు: విశాఖ స్కేటరు

ఆంటీ, నేను విశాఖలో రోలర్ స్కేటింగ్ చేసేవాణ్ని. ఎంఎస్‌కు ఇక్కడికి వచ్చాక ఐస్ హాకీ మొదలుపెట్టి ఇప్పుడు మూడో డివిజన్ జట్టులో ఆడుతున్నాను. చక్రాల మీద వేగం వచ్చినవాడికి మంచు మీద వేగం వస్తుంది. ఆగడం మాత్రం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి!

మా వారం ఇలా ఉంటుంది. వారంలో రెండు రాత్రులు సాధన, పదింటికో పదకొండింటికో మొదలు. ఇల్లు చేరేసరికి ఒంటిగంట. శుక్ర, శనివారాల్లో ఒకే జట్టుతో వరుసగా రెండు మ్యాచ్‌లు. బయటి ఊరైతే శుక్రవారం మధ్యాహ్నం క్లాసు పోతుంది. అందుకని శుక్రవారం ల్యాబ్ పెట్టుకోకుండా చూసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. క్లబ్బు ఆటకు పరీక్ష వాయిదా వేయాలని ప్రొఫెసర్లకు నియమం ఏమీ లేదు, అడిగి ఒప్పించుకోవాలి. ఆడాలంటే పూర్తికాల విద్యార్థిగా నమోదై ఉండాలి, మార్కుల సగటు (జీపీఏ) 2.0కి తగ్గకూడదు. ఇంజినీరింగ్‌లో మొదటి సెమిస్టరు చూసి ఆ తర్వాత పూర్తిగా దిగడం మంచిదని నా ఉద్దేశం. కొన్ని జట్లు జనవరిలో కూడా కొత్తవాళ్లను తీసుకుంటాయి. గోలీ (గోల్ కాపలాదారు) అయితే ఎప్పుడైనా తీసుకుంటారు, ఫీజు కూడా తగ్గిస్తారు, వాళ్లకు అంత కొరత.

ప్రయాణాల్లో నేను పట్టించుకునేది ఒక్కటే, బండి ఎవరు నడుపుతారు? డాలస్ నుంచి కాలేజ్ స్టేషన్ అనే ఊరు మూడు గంటల దారి. రాత్రి పదకొండున్నరకు మ్యాచ్ అయ్యాక, అప్పుడే ఆడి అలసిన కుర్రాడే వ్యాన్ నడిపితే ఎలా ఉంటుందో మీరే ఊహించండి. మంచి జట్లు ఆ రాత్రి హోటల్‌లో ఉండిపోతాయి, లేదంటే ఆడని మనిషిని డ్రైవరుగా తీసుకెళ్తాయి. ఇది తప్పకుండా అడగండి. జవాబులో నసిగితే ఆ జట్టు గురించి మరోసారి ఆలోచించండి.

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. జట్టులో ఆడటానికి అడ్డంకి లేదు, ఎందుకంటే ఎవరూ మనకు జీతం ఇవ్వరు. కానీ ఆట బాగా వచ్చాక రింక్ వాళ్లు పిల్లల మ్యాచ్‌లకు రిఫరీగా రమ్మంటారు, చిన్నపిల్లలకు స్కేటింగ్ నేర్పమంటారు, మ్యాచ్‌కు ఇంత అని ఇస్తారు. అది క్యాంపస్ బయట చేసే ఉద్యోగం కిందికి వస్తుంది. ముందుగా మీ విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగకుండా ఒప్పుకోవద్దు. చేతిలో పడేది నలభై డాలర్లే అయినా వీసా వీసాయే.

ప్లానో అమ్మ

బాబూ, చాలా ఉపయోగపడే మాటలు చెప్పావు. బండి సంగతి మాకు తట్టనే లేదు. చివరగా ఒక చిన్న ప్రశ్న, నవ్వకండి. ఆ కిట్‌బ్యాగు వాసనకు మా గ్యారేజీలోకి అడుగుపెట్టలేకపోతున్నాం. హాస్టల్ గదిలో పక్కవాడు ఎలా భరిస్తాడు?

జవాబు: విశాఖ స్కేటరు

నవ్వడం లేదు ఆంటీ, మా జట్టులో రూమ్మేట్ గొడవల్లో సగం దీనివల్లే. బ్యాగు మూసి ఉంచడమే అసలు తప్పు. ఇంటికి రాగానే అన్నీ బయటికి తీసి, మడత స్టాండు మీద వేసి ఎదురుగా ఫ్యాను పెట్టాలి. గ్లోవ్స్ అరచేతులు పైకి ఉండేలా పెడితే త్వరగా ఆరతాయి. స్కేట్లలోంచి లోపలి అట్టలు తీసి విడిగా ఆరబెట్టాలి. అంచులను పొడిగుడ్డతో తుడిచి మెత్తటి గుడ్డ కవరు తొడగాలి. నడిచేటప్పుడు పెట్టుకునే గట్టి ప్లాస్టిక్ కవరు అలాగే వదిలేస్తే రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. లోపల వేసుకునే బట్టలు ప్రతిసారీ ఉతకాలి. ఆగస్టు ఎండలో కారు డిక్కీలో మాత్రం పెట్టవద్దు. ఆ వేడికి ప్యాడ్లూ స్కేట్ల జిగురూ పాడవుతాయి, వాసన సీట్లకు కూడా పడుతుంది. గది మరీ ఇరుకైతే రింక్‌లో జట్టుకు లాకరు గది ఉందేమో అడగమనండి, మా దగ్గర నెలకు కొద్ది డబ్బు కడితే ఇస్తారు. కాకపోతే ముందు సీనియర్లకు ఇస్తారు, మొదటి ఏడాది పిల్లలు పేరు రాయించుకుని వరుసలో ఉండాలి.