అప్‌డేట్: స్పిన్ పరిమితులు వాలెట్ కోడ్‌లోంచి బయటపడ్డాయి

రెండు నెలల కిందట అడిగాను కదా: బ్రిటన్ క్లయింట్ గేమింగ్ ప్లాట్‌ఫామ్‌లో దేశానికో రూలు చొప్పున అన్నీ వాలెట్ (ఆటగాళ్ల డబ్బు లెక్క చూసే భాగం) కోడ్‌లోనే పేరుకుపోయాయి, విడగొట్టాలా, మొత్తం తిరగరాయాలా అని. విడగొట్టమన్నవాళ్ల మాటే విన్నాను.

ఇప్పుడు రూల్స్ వేరే మాడ్యూల్. వాలెట్‌కి డబ్బు వెయ్యడం, తియ్యడం తప్ప ఇంకేమీ తెలీదు. 2025లో అక్కడ ఆన్‌లైన్ స్లాట్లకి (చక్రాలు తిప్పి డబ్బు పందెం కాసే ఆటలు) స్పిన్‌కి, అంటే ఒక్కో తిప్పుకి, 5 పౌండ్లు, 18–24 ఏళ్లవాళ్లకైతే 2 పౌండ్లు పరిమితి పెట్టారు. అది కాన్ఫిగ్‌లో (సెట్టింగ్స్ ఫైల్) రెండు లైన్లు, అంతే. ర్యాండమ్ నంబర్ జనరేటర్‌ని (ఏ స్పిన్‌కి ఏం పడాలో తేల్చేది) మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకుంటే మళ్లీ ల్యాబ్ టెస్టింగ్ అంటారు.

అసలు తిప్పలు వేరే చోట. టెస్టింగ్‌లో, మర్నాడు 25 నిండాల్సిన ఆటగాడికి 5 పౌండ్ల స్పిన్ ఓకే అయిపోయింది. రెండ్రోజులు తల పట్టుకున్నాం. చూస్తే సర్వర్ మన టైమ్‌లో ఉంది! బెంగళూరులో అర్ధరాత్రి దాటేసరికి లండన్‌లో ఇంకా ముందురోజు సాయంత్రం ఏడున్నరే (వాళ్ల వేసవి టైమ్). నాలుగున్నర గంటల ముందే అతని పుట్టినరోజు చేసేశాం. పట్టుకుంది మారతహళ్లి ఆఫీసులో మా టెస్టరమ్మాయి, నేను కాదు.

బోనస్‌లు ఇచ్చే కోడ్ ఇంకా వాలెట్‌ని పట్టుకుని వేలాడుతోంది. దాని జోలికి దసరాకి ఊరెళ్లొచ్చాకే.