మార్చి 8 సన్మానం ఎవురికి? వికెట్లు తీసినోళ్లకా, గ్రౌండు నడిపినోళ్లకా? (కడప అమ్మాయిల క్రికెట్)

పాలకొండల_నీడ:
అందరికీ నమస్తే. కడపలో మా గ్రౌండుకు పొద్దున్నే వచ్చి బౌలింగు ప్రాక్టీసు చేసే అమ్మాయిల గురించి ఇది. ఈసారి మహిళా దినోత్సవానికి మనోళ్లకే సన్మానం చేద్దామని పేరెంట్సు, సీనియర్లు కూర్చోని అనుకున్నాం, చందాలు కూడా పర్వాలేదు బాగానే వచ్చినాయి, అంతవరకు గొడవ లేదు, ఎవురికి చేయాల అనే కాడికి వచ్చేసరికి రెండు వర్గాలయినాం. ఒక వర్గం ఏమో స్టేట్‌కు ఆడిన బౌలర్లు ముగ్గురు ఉండారు, వాళ్లకు చేస్తే సరిపోతుంది అంటారు. నేను ఒప్పుకోలేదు. పదకొండేండ్ల నుంచి స్కోరు రాసే అక్క ఒకామె ఉంది. పొద్దున అయిదున్నరకు వచ్చి మ్యాటు పరిచి మేకులు కొట్టేది ఆమే, కొత్తగా వచ్చిన పిల్లకు సీము (బాలు మీది కుట్టు) ఎట్ల పట్టుకోవాలో చూపించేది ఆమే, ఎండాకాలం తొమ్మిది కొడితే నిలబడలేం మన కడపలో, అయినా ఆఖరి పిల్ల ఇంటికి పోయేదాకా కదలదు. ఆమె డిస్ట్రిక్ట్ కూడా ఆడలేదు కాబట్టి లిస్టులో పేరు లేదంట. ఇది నాకు నిద్ర పట్టనీయడం లేదు. మీరేమంటారు?

ప్రొద్దుటూరు_లెఫ్టార్మ్:
అన్నా నీ బాధ అర్థమైంది కానీ నేను ఆ మొదటి వర్గమే. కారణం చెప్తా. మన అమ్మాయిలను ఎప్పుడు మెచ్చుకున్నా "పాపం ఎంత కష్టపడిందో" అనే మెచ్చుకుంటారు, ఎన్ని వికెట్లు తీసింది, ఓవరుకు ఎన్ని ఇచ్చింది అని ఎవడూ అడగడు. మగపిల్లోళ్ల టోర్నమెంటులో ఎవడైనా అంకితభావానికి కప్పు ఇస్తాడా? ఫిగర్లు చూసి ఇస్తారు. వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె అమ్మాయి, ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి 2025 వరల్డ్ కప్‌లో 14 వికెట్లు తీసింది, మన టీములో దీప్తి శర్మ తర్వాత ఆమే ఎక్కువ. అంతకుముందు జూన్‌లో నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండ్ మీద మొదటి టీ20 ఆడతా 12 పరుగులకు 4 వికెట్లు. ఆ అంకెలు చూసే కదా ఈరోజు మన పిల్లలు గ్రౌండుకు వస్తాండేది. సన్మానం అంటే పిల్లలకు గురి చూపించడం. అందరికీ శాలువా కప్పితే ఆ ముగ్గురి కష్టం గుంపులో కలిసిపోతుంది.

అనంత_అవుట్‌స్వింగర్:
ప్రొద్దుటూరు తమ్ముడూ, శ్రీచరణికి ప్రభుత్వమే రెండున్నర కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం, కడపలో ఇంటి స్థలం ప్రకటించింది, ఇవ్వాల్సిందే, తక్కువేం కాదు. ఆమె కాడికి పోయేదాకా ఉండే దారిలో మనుషులకు ఎవురిస్తారు? మా అనంతపురంలో నార్పల మండలం బండ్లపల్లి అమ్మాయి బారెడ్డి అనూష 2023 జూలైలో బంగ్లాదేశ్‌లో ఇండియాకు ఆడింది, ఆమె కూడా ఎడమచేతి స్పిన్నరే. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అనే సేవా సంస్థ) వాళ్ల గ్రౌండ్లు మా ఊర్లో ఉండబట్టి, పల్లె పిల్లలను వెతికి తెచ్చి నేర్పించేవాళ్లు ఉండబట్టి కదా.

ఇంకో సంగతి, చాలామందికి తెలీదు. అమ్మాయిల మ్యాచ్ బాలు బరువు 140 నుంచి 151 గ్రాములు. మగోళ్లది 156 నుంచి 163. మా కాడ షాపులో అడిగితే చేతిలో పెట్టేది మగోళ్ల బాలే. దాంతోనే మూడేండ్లు నేర్చుకోని సెలక్షన్స్‌కు పోతే అక్కడ చిన్న బాలు ఇస్తారు, వేళ్లు సరిగా కుదరవు, గాల్లో ఎత్తుగా ఫ్లైట్ ఇచ్చేది నేల తగలకుండానే బ్యాటు మీదికి పోయే ఫుల్‌టాస్ అయిపోతుంది. మా చెల్లెలికి అట్లనే సెలక్షన్ తప్పిపోయింది రెండుసార్లు. తర్వాత మా గ్రౌండులో ఒక పీఈటీ మేడమ్ సొంత డబ్బులతో బెంగళూరు నుంచి డజను డజను తెప్పించడం మొదలుపెట్టినాక మార్పొచ్చింది. ఆ మేడమ్ ఒక్క వికెట్టు కూడా తీయలేదు. ఇప్పుడు చెప్పు, నీ అంకెల్లో ఆమెను యాడ రాస్తావు?

బుగ్గవంక_గట్టు:
నేను మధ్యలో దూరతాండా, ఏమనుకోవద్దండి. మా పిన్ని కూతురు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటుంది, వాళ్ల ఊర్లో టెన్‌పిన్ బౌలింగ్ లీగులో ఆడతాది, అదే పొడుగు చెక్క బాట మీద బరువైన బంతి దొర్లించి పది పిన్నులు పడగొట్టే ఆట. బౌలింగ్ అనే మాట ఒకటే గానీ ఆట వేరేది, అయినా ఈ తగువు వాళ్లు మనకంటే ముందే తేల్చుకున్నారు. అక్కడ మొదట్లో జాతీయ సంఘం మగోళ్లదే, ఆడోళ్లకు సభ్యత్వం లేదు. 1916లో సెయింట్ లూయిస్‌లో ఒక నలభై మంది ఆడోళ్లు కూడుకోని సొంత సంఘం పెట్టుకున్నారు, 2005లో అన్ని సంఘాలూ ఒకటయ్యేదాకా దాన్ని వాళ్లే నడుపుకున్నారు. వాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్ ఇప్పుడు డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో ఉంది, మా చెల్లెలు చూసొచ్చింది. అందులో ఆటలో గొప్పగా రాణించినోళ్లు ఒక విభాగం, ఆటకు సేవ చేసినోళ్లు ఇంకో విభాగం. దేని కొలత దానిదే. స్కోరు కొట్టినామెను, లీగు నడిపినామెను ఒకే తక్కెడలో పెట్టరు. మనం కూడా రెండు వేరు వేరుగా పెట్టుకుంటే ప్రొద్దుటూరు తమ్ముడు చెప్పిన గుంపులో కలిసిపోయే భయం ఉండదు కదా.

ప్రొద్దుటూరు_లెఫ్టార్మ్:
అక్కా, చెప్పింది బాగుంది, రెండు విభాగాలంటే సగం ఒప్పుకుంటా. మిగతా సగం భయం ఏందంటే, మన కాడ సేవ అని ఒక కుర్చీ వేస్తే రెండో ఏడాదికి అందులో చందా ఎక్కువిచ్చినాయన భార్య కూర్చుంటాది. నేను కళ్లారా చూసినా ఇంకో ఆటలో, పేరు చెప్పను. వికెట్లయితే ఎవురూ మార్చలేరు, స్కోరుబుక్కులో ఉంటాయి. సేవకు రుజువేది?

బురుజు_కాడ (కర్నూలు):
రుజువు నువ్వే చెప్పినావు తమ్ముడూ. ఆ స్కోరుబుక్కు రాసింది ఎవరు? పదకొండేండ్ల బుక్కులు ఉంటే పదకొండేండ్ల చేతిరాత ఉంటుంది. ఇన్ని సీజన్లు గ్రౌండు పని చేసిండాల, డబ్బు ఇచ్చిందానికి లెక్క లేదు అని ఒక్క రూలు పెట్టండి, చందాలాయన భార్య ఆమే తప్పుకుంటుంది.

ఇంకోటి, అంకెలే చూడాలంటే విశాఖ స్టేడియం సంగతి చూడు. 2025 అక్టోబరులో అక్కడ ఒక స్టాండుకు మిథాలి రాజ్ పేరు, ఒక గేటుకు రావి కల్పన పేరు పెట్టినారు. కల్పన ఇండియాకు ఆడింది 7 వన్డేలు. ఏడే. ఆటోడ్రైవరు కూతురు వికెట్‌కీపరై ఇండియా దాకా పోయింది అనేదాన్ని చూసి పెట్టినారు, ఆమె తర్వాత వచ్చే పిల్లలకు ఆ పేరు కనపడాలని పెట్టినారు. అది తప్పని నువ్వు అంటావా?

ప్రొద్దుటూరు_లెఫ్టార్మ్:
అనను అన్నా. కానీ ఆమె ఆడింది. ఏడయినా ఆడింది.

మూడో_స్పిన్నర్:
ఆ ముగ్గురిలో నేనొకదాన్ని. ఇన్ని పోస్టులు చదివి ఊరికే ఉండలేక రాస్తాండా. ముందు ఒక మాట, నా వికెట్లు నావే. అక్క వల్లనే వచ్చినాయి అని స్టేజీ మీద చెప్పొద్దు, అక్క కూడా అట్ల అనదు, నెట్స్‌లో వేళ్లు చీలి రక్తం వచ్చింది నాకు. ఇంటర్‌లో ఉన్నప్పుడు ట్యూషన్ మానేసి బౌలింగుకు పోతాండానని మా నాయన నెల రోజులు మాట్లాడలేదు. నా ఫిగర్లు మైకులో చదవాల, ఆ మాటలో ప్రొద్దుటూరు అన్న కరెక్టే.

అయితే అక్క ఏం చేసిందో కూడా మీకు సరిగా తెలీదు. స్కోరుబుక్కు కాకుండా ఆమె కాడ ఇంకో నోటుబుక్కు ఉండాది. పేజీ నిండా పిచ్ బొమ్మ గీసి, నేను వేసిన ప్రతి బాలు యాడ పడిందో చుక్క పెట్టేది. ఒకరోజు నన్ను పిలిచి చూపించింది, నాలుగో ఓవరు నుంచి చుక్కలన్నీ బ్యాటరుకు దూరంగా, పొట్టిగా పడినాయి. నేను అలిసిపోతే బాలు లాగి పొట్టిగా వేస్తాండా అని నాకు తెలీదు, మా కోచ్ సారుకూ తెలీదు. ఆ పేజీ చూసి నా రన్నప్ రెండు అడుగులు తగ్గించుకున్నా. తర్వాతి సీజన్‌లో నేను స్టేట్ ఆడినా. ఆమెకు ఎవురూ ఇది చేయమని చెప్పలేదు, ఆమెకు క్రికెట్ అంత బాగా తెలుసు. సేవ సేవ అంటాండారు గానీ అది చాకిరీ కాదు, అది కూడా ఆటే.

పాలకొండల_నీడ:
అమ్మా ఈ నోటుబుక్కు సంగతి నాకే తెలీదు, ఇన్నేండ్లు పక్కనే ఉండి. నా ఆలోచన ఏందంటే అక్క శాలువాలూ గీలువాలూ ఇష్టపడే మనిషి కాదు, ఆ డబ్బుతో గ్రౌండుకు కొత్త మ్యాటు కొని అక్క చేత పరిపించేద్దాం, ఆమెకు అదే సంతోషం.

స్కోరుబుక్కు_అక్క:
నన్ను ఈ చర్చలోకి పిలిచింది స్పిన్నరు పిల్ల. అంతా చదివినా. అన్నా, నాకు శాలువా ఇష్టం లేదని నీకు ఎవురు చెప్పినారు? నేను చెప్పలేదే. ఇన్నేండ్లూ అందరూ నా తరపున వాళ్లే చెప్తాండారు, అక్కకు ఏమీ వద్దు, అక్క అట్లాంటిది కాదు అని. నాకు కావల్ల. పట్టుశాలువానే కప్పండి. మా అత్త పొద్దునపూట అయిదింటికి యాడికి పోతావని ఇప్పటికీ అడగతాది. ఆమెను, మా ఆయనను ముందు వరసలో కూర్చోబెట్టి, నా పేరు ఇంటిపేరుతో సహా మైకులో పిలవండి. మ్యాటు ఎట్లయినా కొనాల్సిందే, పాతది అంచుల కాడ చినిగిపోయింది, దానికి వేరే చందా వసూలు చేయండి, నా సన్మానంలోంచి కోయొద్దు.

స్టేట్ ఆడిన ముగ్గురి ఫిగర్లు నేనే రాసిస్తా, బుక్కులన్నీ ఇంట్లోనే ఉండాయి. ముందు వాళ్లను పిలవండి, తర్వాత నన్ను.

పాలకొండల_నీడ:
తప్పయింది అక్కా. అట్లనే చేద్దాం. మీ ఇంటికి నేను, మా ఇంటామె వచ్చి మీ అత్తమ్మను బొట్టు పెట్టి పిలుస్తాం.

ప్రొద్దుటూరు_లెఫ్టార్మ్:
అక్కా, ఆ రూలు మాత్రం పేపరు మీద రాసి పెట్టించండి, నేను ఆ మాట వదలను. ఆరోజు పొద్దున పిల్లల ఫ్రెండ్లీ మ్యాచ్ ఉంటాదంట కదా, మీరు స్టేజీ మీద ఉంటే స్కోరు ఎవరు రాస్తారు? నేను ప్రొద్దుటూరు నుంచి ఫస్ట్ బస్సుకు వస్తా, నాకు రాయడం వచ్చు.

స్కోరుబుక్కు_అక్క:
రా నాయనా. టాస్ ఏడున్నరకు. ఏడింటికల్లా ఉండు, రెండు టీముల పేర్లు ముందే రాసుకోవాల.