వాతావరణ మార్పు: మన సొంత ఎంపికలకు విలువ ఉందా, లేక అదంతా ప్రభుత్వాలు, కంపెనీలు చేయవలసిన పనేనా?

సందేహి (చర్చ ప్రారంభం):

నేను ఐదేళ్లుగా విమానం ఎక్కడం మానేశాను, ఇంట్లో విద్యుత్తు వాడకం బాగా తగ్గించాను. ఇటీవల ఒక మిత్రుడు, "నువ్వు తగ్గించింది సముద్రంలో కాకిరెట్టంత కూడా కాదు, ఆ ఓపికేదో ప్రభుత్వాన్ని నిలదీయడానికి దాచుకో" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. సొంత జీవితంలో మార్పు, వ్యవస్థలో మార్పు నిజంగా ఒకదానికొకటి అడ్డమా? ఆలోచించినవారు చెప్పగలరు.

గణకుడు:

మీ మిత్రుడి మాటలో బలముంది. "కర్బన పాదముద్ర" (ఒక్కొక్కరి వల్ల గాలిలోకి వెలువడే, భూమిని వేడెక్కించే వాయువుల లెక్క) అన్న మాటను ఇంటింటికీ చేర్చిన వాటిలో 2000ల తొలినాళ్లలో బీపీ అనే చమురు కంపెనీ నడిపిన ప్రకటనలు ముఖ్యమైనవి. చమురు తవ్వి అమ్మేవారే, ఎవరి లెక్క వారు చూసుకోండని కొనేవారికి చెప్పారన్నమాట. 1988 నుంచి వెలువడిన పారిశ్రామిక ఉద్గారాలలో 71 శాతానికి 100 ఇంధన సంస్థలతో సంబంధం ఉందని 2017లో వచ్చిన ఒక నివేదిక తేల్చింది. ఇక 2020లో కోవిడ్ వల్ల ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది ఇళ్లలోనే ఉండిపోయినా ఆ ఏడాది కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు తగ్గింది 5, 6 శాతమే, మరుసటి ఏడాదికి అవి దాదాపు యథాస్థితికి వచ్చాయి. ఇంకొకటి కూడా చెప్పాలి. ఉద్గారాలు తగ్గించడానికి సులువైన చిన్న మార్గం ఒకటి చూపించగానే కర్బన పన్నుకు, అంటే ఉద్గారాలపై వేసే పన్నుకు, జనం మద్దతు తగ్గిపోయిందని 2019లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. కాబట్టి సొంత త్యాగాలు వృథా కావడమే కాదు, అసలు పనికి అడ్డు కూడా కావచ్చునని నా అభిప్రాయం.

బాటసారి:

గణకుడు గారు చెప్పిన విషయాలేవీ తప్పు కాదు. వాటి నుంచి తీసిన ముగింపుతోనే నాకు పేచీ. ఆ 71 శాతంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు ఆ సంస్థలు అమ్మిన ఇంధనాన్ని కొన్నవారు కాల్చినప్పుడు వెలువడినవే. తాడుకు ఆ కొసన వారుంటే ఈ కొసన మనమున్నాం. 2020 అనుభవం కూడా నాకు మరో విషయం చెబుతోంది. విద్యుత్ కేంద్రాలు, కర్మాగారాలు, భవనాలు ఎలా ఉన్నవి అలాగే ఉండగా మనుషుల కదలిక మాత్రమే ఆగితే తగ్గేది అంతే. అందుకే సొంత ఎంపికను కిలోలలో తూచడమే పొరపాటు. అది ఎవరి కంట పడింది, దాని వల్ల ఏ నిర్ణయం తీసుకోవడం సులువైంది అన్నదే చూడాలి.

నార్వేలో జరిగింది చూడండి. 1989లో బెల్లోనా అనే పర్యావరణ సంస్థకు చెందిన ఫ్రెడరిక్ హౌగె, ఆ-హా సంగీత బృందంలోని ఇద్దరితో కలిసి, బ్యాటరీతో నడిచేలా మార్చిన ఒక చిన్న ఫియట్ పాండా కారును ఆ దేశానికి తెప్పించారు. టోల్ గేట్ల దగ్గర రుసుము కట్టకుండా దాన్ని నడిపేవారు. జరిమానాలు పేరుకుపోయి అధికారులు కారును జప్తు చేసి వేలం వేస్తే, వారే మళ్లీ కొనుక్కుని అదే దారిన బయలుదేరేవారు. ఆ ఒక్క కారు తగ్గించిన పొగను లెక్కవేయడంలో అర్థం లేదు. అయితే 1990లలో విద్యుత్ కార్లకు దిగుమతి పన్ను, టోల్ మినహాయింపులు ఒక్కొక్కటిగా వచ్చాయి. 2024లో ఆ దేశంలో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం విద్యుత్తుతో నడిచేవే. మినహాయింపులు లేకుండా ఇది జరిగేది కాదు, కానీ ఆ మినహాయింపులు అడగడానికి రోడ్డు మీద ఒక కారు ఉండవలసి వచ్చింది.

ఓజోన్ పొర విషయంలోనూ ఇంతే. స్ప్రే డబ్బాలలో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు అనే వాయువులు ఆ పొరను తినేస్తాయని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు హెచ్చరించాక, అమెరికాలో చాలామంది చట్టం కోసం ఎదురుచూడకుండా స్ప్రే డబ్బాలు కొనడం తగ్గించారు. 1975లోనే ఒక పెద్ద తయారీ సంస్థ ఆ వాయువులను మానేసింది, 1978లో స్ప్రేలలో వాటి వాడకంపై నిషేధం వచ్చింది, 1987లో వాటిని తగ్గించడానికి దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది.

నా సొంత అనుభవం కూడా చెబుతాను. నేను పనిచేసే చోట ఉద్యోగ ప్రయాణాలకు నింపే కాగితంలో విమానానికి ఒక గడి ఉండేది, రైలుకు లేదు. రైలులో వెళ్లదలచినవారు "ఇతరములు" అన్న చోట టిక్కు పెట్టి, కింద కారణం రాసి, పై అధికారి సంతకం తెచ్చుకోవాలి. రెండేళ్లపాటు ప్రతిసారీ ఆ కారణం రాశాను. ఆ కాగితాలు చూసే ఉద్యోగిని ఒకరోజు పిలిచి, "మీకు విమానమంటే భయమా?" అని ఎంతో ఆదరంగా అడిగారు. విషయం చెప్పాను. తరువాత అదే గడి నింపేవారు ఐదుగురమయ్యాం, అందరం కలిసి ఒక లేఖ రాశాం. ఇప్పుడు రాత్రి ప్రయాణంలో చేరగలిగే ఊళ్లకు రైలే మొదటి గడి, విమానం కావాలంటేనే కారణం రాయాలి. వాతావరణం గురించి ఎన్నడూ ఆలోచించనివారు కూడా ఇప్పుడు రైలెక్కుతున్నారు. ఆ రెండేళ్లు నేను కారణం రాయకపోయి ఉంటే, లేఖ మీద సంతకం చేయమని అడిగే ముఖం నాకు ఉండేది కాదు.

గణకుడు:

నార్వే ఉదాహరణను అంగీకరిస్తాను. కానీ నేను చెప్పిన 2019 పరిశోధనకు మీరు జవాబివ్వలేదు. పైగా ప్రపంచంలో చాలామందికి మానుకోవడానికి విమానమూ లేదు, కారూ లేదు. వారికి ఏం చెబుతారు?

బాటసారి:

అదే పరిశోధనలో, ఆ చిన్న మార్గం వల్ల ఒరిగేది ఎంత తక్కువో ముందే చెప్పి, పన్ను భారం కూడా పెద్దది కాదని వివరించినప్పుడు, పన్నుకు మద్దతు తగ్గలేదు. చిన్న పనిని పెద్దదిగా చూపించడమే ప్రమాదమన్నమాట. గుడ్డసంచి పట్టుకున్నంత మాత్రాన బాధ్యత తీరిందని ఎవరైనా అంటే నేనూ మీ పక్షమే.

మీ రెండవ ప్రశ్న నాకు చాలా ముఖ్యమైనది. గృహ వినియోగం వల్ల వెలువడే ఉద్గారాలలో 34 నుంచి 45 శాతం వరకు అత్యధికంగా ఉద్గారాలు వెలువరించే 10 శాతం కుటుంబాలవేనని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2022 నివేదిక చెప్పింది. నేను ఇక్కడ మాట్లాడుతున్నది ఆ కుటుంబాలతోనే. బస్సు తప్ప గతి లేనివారిని ఇంకా తగ్గించుకోమనడం అన్యాయం, ఆ బస్సు సమయానికి వచ్చేలా చూడమని వారితో కలిసి అడగడమే మిగతావారి పని.

సందేహి:

విమానం మానేసిన సంగతి ఐదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు, గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని. మా సంస్థ ప్రయాణ కాగితంలో ఏ గడులున్నాయో రేపు చూస్తాను.