అప్‌డేట్: నూరెంబర్గ్ బార్డెన్‌ట్రెఫెన్‌కి అమ్మానాన్నలతో వెళ్లొచ్చాం

గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని జర్మనీలోని నూరెంబర్గ్‌లో జరిగే ఈ సంగీతోత్సవానికి తీసుకెళ్లొచ్చా, టికెట్ ఎంత అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. టికెట్టే లేదండీ, అంతా ఉచితం! పాత ఊరి నడిబొడ్డున హౌప్ట్‌మార్క్ట్, లోరెంజర్ ప్లాట్జ్ లాంటి చోట్ల వేదికలు, సందుల్లో వీధి గాయకులు.

హాన్స్ సాక్స్ 400వ వర్ధంతికి 1976లో మొదలైందని నాన్నకి చెప్పాను. ఆయన చెప్పులు కుట్టేవాడు, కవి కూడా అనేసరికి నాన్న ఆగిపోయారు. ఇక పాటలకంటే ఆయన గురించే ప్రశ్నలు!

మీరన్నట్టు సాయంత్రం జనం విపరీతం. రాళ్లు పరిచిన దారుల్లో అమ్మ మోకాళ్లు పట్టేశాయి. మడత కుర్చీ తీసుకెళ్లమన్న అక్కయ్యకి థాంక్స్. డ్రింక్ కొన్నప్పుడు గ్లాసుకి కట్టిన డిపాజిట్ మాత్రం, గ్లాసు తిరిగిచ్చి వెనక్కి తీసుకోవడం మర్చిపోయాం. అమ్మ ఇంకా అంటూనే ఉంది.