‘ప్రజలమైన మేము’: మేమా, మనమా?

డిగ్రీలో మా లెక్చరర్ ఒకరు, అమెరికా కొత్త రాజ్యాంగాన్ని వ్యతిరేకించిన ప్యాట్రిక్ హెన్రీ 1788 జూన్‌లో దాన్ని ఆమోదించాలా వద్దా అని చర్చించిన వర్జీనియా సభలో, రాసినవాళ్లనుద్దేశించి అడిగిన మాటను తెలుగులో చెప్పేవారు: ‘రాష్ట్రాలమైన మేము’ అనకుండా ‘ప్రజలమైన మేము’ అనమని వీళ్లకెవరు చెప్పారు? అక్కడ ఆయన ‘మేము’ అన్నారో ‘మనము’ అన్నారో వారంగా తెగట్లేదు.

పాతబడి: మేమే. మన పాఠ్యపుస్తకాల మొదట్లో అచ్చయ్యేదీ అదేగా.

గోదారిగట్టు: అచ్చయితే ఒప్పైపోతుందా మాస్టారూ? మన రాజ్యాంగానికే తమిళంలో ‘నామ్’ (మనము) వేశారు, ‘నాంగళ్’ (మేము) కాదు. ‘మేము’ అంటే ఎదురుగా పరాయివాడు నిలబడ్డట్టే.

నిజాంపేట: హెన్రీ గొడవ అదేనండీ! ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగం మీద సంతకాలు పెట్టింది 39 మంది. వాళ్ల నోట అది ‘మేము’. ఆమోదించమని రాష్ట్రాలకు పంపాక ‘మనము’ కావాలి. వర్జీనియాలో అయింది 89–79 ఓట్లతోనే. న్యూయార్క్‌లో మరీ దారుణం, 30–27.

పాతబడి: తిక్కనగారిని చదివితే ఈ అవస్థ ఉండదు. ఆయన ‘ఏము’ అన్నాడంటే వినేవాడు గడప అవతలే. ఆ ‘ఏ’ మీద పడే బరువు మన ‘మే’కి ఎక్కడిది?

గోదారిగట్టు: కూరలో ఉప్పెక్కువైనా తిక్కన దగ్గరికే వెళ్తారు మీరు.

డల్లాస్ అల్లుడు: అసలు ముసాయిదాలో ‘న్యూహాంప్‌షైర్, మసాచుసెట్స్...’ అని 13 రాష్ట్రాల పేర్లూ వరసగా ఉన్నాయి. తొమ్మిది ఒప్పుకుంటే చాలన్నారు, ఆ తొమ్మిది ఏవో ముందే ఎలా తెలుస్తుంది? గవర్నర్ మోరిస్ తుదిమెరుగులు దిద్దిన ప్రతిలో ఆ పేర్లు లేవు. (గవర్నర్ ఆయన పేరే, పదవి కాదు.) మీరూ సర్వనామం ఎత్తేయండి. ‘ప్రజలం’ అంటే చాలు, ఆ సున్నాలో మేమూ మనమూ రెండూ ఇముడుతాయి.

నిజాంపేట: సున్నాలో దాక్కోవడమే ఫెడరలిస్టు బుద్ధి! కేంద్రానికి బలం కావాలన్నవాళ్లు ‘సమాఖ్యవాదులు’ అని పేరు పెట్టుకుని, అసలు సమాఖ్య కోరినవాళ్లకు ‘వ్యతిరేకులు’ అని తగిలించారు.

గోదారిగట్టు: అయితే హెన్రీని ‘రాష్ట్రవాది’ అందాం.

డల్లాస్ అల్లుడు: హిందీవాడు చదివితే? వాళ్ల రాష్ట్ర్ అంటే దేశం. హెన్రీ కాస్తా ఎదుటి పక్షం మాడిసన్ అయిపోతాడు.

పాతబడి: మన పాత కావ్యాల్లోనూ రాష్ట్రమంటే దేశమే. పద్యం వెతికి పెడతాను, ఉండండి.

ఇంతకీ మా లెక్చరర్ ఏమన్నారంటారు?

గోదారిగట్టు: పద్యం రానివ్వండమ్మా ముందు.