కేజీఎఫ్ పాత గనుల దగ్గరికి నడిచి వెళ్ళొచ్చా?

కోనసీమ కుర్రోడు: మాది అమలాపురం సైడండి, సంక్రాంతి అయ్యాక ఫ్రెండ్స్ అందరం కేజీఎఫ్ (కర్ణాటకలో కోలార్ బంగారు గనుల ఊరు) వెళ్దామనుకుంటున్నాం, ఖాళీగా పడున్న ఊరంట కదా, రోజంతా నడిచి చూడొచ్చా? పర్మిషన్ ఏమన్నా కావాలా?

రాజోలు బుల్లెట్: రాజమండ్రిలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బంగారపేటలో దిగండి, అక్కడ్నుంచి మారికుప్పం లోకల్ ఉంటది. ఖాళీ ఊరు మాత్రం కాదు బ్రో, 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు గానీ జనం అక్కడే ఉంటున్నారు, చాలామంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పనికెళ్ళి రాత్రికొస్తారు. పాత కార్మికుల ఇళ్ళ లైన్లలోకి పోయి తలుపుల్లోకి ఫోన్లు పెట్టి వీడియోలు తీయకండి, చిరాకేస్తది.

పాత మైనింగ్ స్టూడెంట్: షాఫ్టుల (గనిలోకి దిగే నిలువు గోతుల) వైపు అస్సలు వెళ్ళొద్దండి. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల పైనే లోతు, మనకి పది అడుగులు తవ్వితే నీళ్ళొచ్చేస్తాయి కాబట్టి ఆ లోతు ఊహకి కూడా అందదు. గని స్థలాల్లోకి అనుమతి లేకుండా పోకూడదు. తెల్లగా గుట్టల్లా కనిపించేవి సైనైడ్ దిబ్బలు, సైనైడ్‌తో బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడి, గాలొస్తే దుమ్ము లేస్తది, ఫోటో కోసం ఎక్కకండి. 1902లోనే శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటొచ్చిన ఊరది, తెల్లదొరల బంగళాలు రోడ్డు మీంచే చూడొచ్చు.

కోనసీమ కుర్రోడు: థాంక్సండి. మరి ట్రెక్కింగ్ సంగతో?

రాజోలు బుల్లెట్: దానికి కోలార్ దగ్గర అంతరగంగ కొండ ఉంది, అదెక్కండి. షూ మర్చిపోకండేం.